ధర్మరాజు, ఎడ్విన్

తెలుగునాట మోర్మన్ సంఘానికి మూలపురుషుడు. వృత్తిరీత్యా కీటక శాస్త్రవేత్త. భార్య ఎల్సీ. హైదరాబాదుకు చెందిన ఈ దంపతులు పశ్చిమ సమోవాలో ఉండగా ఈ మతం స్వీకరించారు. 1978 డిసెంబరులో స్వల్పకాలిక మిషనరీలుగా సొంత ఊరికి వచ్చి, 22 మంది బంధువులకు బాప్తిస్మం ఇప్పించారు.

అమెరికాలో మోర్మన్ పూర్వికులంటే 1847 నుంచి బళ్ల మీద, కాలినడకన సాల్ట్ లేక్ లోయకు వలసపోయినవారు. ధర్మరాజు ప్రయాణం అందుకు భిన్నం: కొత్త నేలకు కాదు, పుట్టింటికీ అత్తింటికీ. చుట్టరికమే ఆయనకు బాట. తెలుగు సంఘ చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన ఘట్టం లేదు.

మోర్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వెలువడ్డాయి. భారతదేశంలో ఈ సంఘపు తొలి స్టేకు (అనేక స్థానిక సమాజాలు కలిసిన పాలనా విభాగం) 2012 మేలో హైదరాబాదులోనే ఏర్పడింది.