మద్రాసుకు వచ్చిన మాంటిస్సోరి

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరారు. రాజుల కథలు కాకుండా, మనవలను చూసుకుంటున్న మనబోటివారికి పనికివచ్చే విషయం రాద్దామనుకున్నాను.

మన విశాఖలో 'మాంటిస్సోరి' అన్న పేరుతో బడి బోర్డులు చూస్తూనే ఉంటాం. అది ఒక మహిళ పేరనీ, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చాలాభాగం ఆమె మన దేశంలోనే గడిపారనీ చాలామందికి తెలియదు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో జన్మించారు. 1896లో రోమ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆ దేశపు తొలితరం మహిళా డాక్టర్లలో ఆమె ఒకరు. మానసిక వైకల్యం గల పిల్లలకు చేతిపని ద్వారా చదువు చెప్పి, అదే పద్ధతి అందరు పిల్లలకూ ఎందుకు పనికిరాదని ఆలోచించారు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో 'బాలల ఇల్లు' తెరిచారు. పెద్దలు పనులకు పోతే పిల్లలు గోడలు, మెట్లు పాడుచేస్తున్నారని భవనాల యజమానులు ఇచ్చిన గది అది. పోర్టు పనులకూ, ఉక్కు కర్మాగారం పనులకూ ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలను ఎరిగిన మనకు ఆ పరిస్థితి వర్ణించి చెప్పనక్కరలేదు.

ఆ గదిలో బెత్తం లేదు, బహుమతీ లేదు. చెక్కదిమ్మలో పది గుంతలు, వాటిలో ఇమిడే పది కొయ్య బిళ్లలు ఉండేవి. ఒకటి తప్పు గుంతలో పెడితే చివరి బిళ్లకు చోటు కుదరదు. తప్పు ఎవరూ చెప్పకుండానే పిల్లవాడికి తెలిసిపోతుంది, తనే దిద్దుకుంటాడు. పై అధికారి ఎర్రసిరాతో రాస్తే తప్ప మన తప్పు మనకు తెలియని కొలువుల్లో జీవితం గడిపినవారం కదా, ఈ సంగతి చదివి ఆశ్చర్యపోయాను. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలితో దిద్దించడం మరొక పద్ధతి. మన పెద్దలు ఇసుకలో ఓనమాలు దిద్దించడం ఇటువంటిదే. కాకపోతే మన చెయ్యి పట్టుకుని బలవంతాన దిద్దించేవారు.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షులు జార్జ్ అరండేల్, శ్రీమతి రుక్మిణీదేవి దంపతుల ఆహ్వానంపై ఆమె కుమారుడు మారియోతో కలిసి మద్రాసు అడయారుకు వచ్చారు. అప్పుడు మన విశాఖ జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. సుమారు 300 మంది ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులో వినిపించేవారు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమె కదలికల మీదా ఆంక్షలు పెట్టింది. ఆ ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున, కుమారుణ్ణి విడిచిపెట్టారు. తరువాత కొన్నేళ్లు కొడైకెనాల్‌లో ఉండి, ఆరేళ్లు దాటిన పిల్లల చదువు మీద కృషి చేశారు. ఆమె ప్రసిద్ధ గ్రంథం 'ది అబ్సార్బెంట్ మైండ్' 1949లో మద్రాసులోనే అచ్చయింది. పుట్టినది మొదలు ఆరేళ్ల వరకు బిడ్డ మనసు చుట్టూ ఉన్నదాన్నంతా తనలోకి ఇముడ్చుకుంటుందని దాని సారాంశం. 1952 మే 6న హాలెండులో ఆమె కన్నుమూశారు. మనం పింఛను తీసుకుని విశ్రాంతి కోరే వయసులో ఆమె పరాయి దేశంలో కొత్త పని మొదలుపెట్టారని గమనించాలి.

తెలుగునాట ఈ బాటలో నడిచినవారిలో డాక్టర్ వేగె కోటేశ్వరమ్మ గారు ముఖ్యులు. 1955లో విజయవాడలో మాంటిస్సోరి పాఠశాల స్థాపించారు. 2017లో పద్మశ్రీ అందుకుని, 2019లో పరమపదించారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటపాటలతో, చేతిపనులతో చదువు సాగాలని చెప్పింది.

ఇక నా సంగతి. మా మనవరాలికి నాలుగేళ్లు. ఒకనాటి ఉదయం బడి ఆటో వచ్చే వేళకు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటానని కూర్చుంది. మొదటి గుండీకే ఐదు నిమిషాలు. ఆఫీసు టైము అలవాటు నాకింకా పోలేదు. చెయ్యి తోసేసి, అన్నీ నేనే పెట్టేశాను. అది ఏడుస్తూ గుండీలన్నీ ఊడదీసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మొండిపిల్ల అని కసిరాను. ఆటో వెళ్లిపోయింది.

బిడ్డ తాను చేయగలనని పూనుకున్న పనిలో అనవసరంగా సాయం చేయడం ఆ బిడ్డకు అడ్డుపడటమేనని ఆమె బోధ. అది చదివాక ఆనాటి ఏడుపు నాకు అర్థమైంది. నేను బోర్డు మీది పేరు చూసి బడిలో చేర్పించాను గాని, ఇంట్లో ఆ పద్ధతికి చోటివ్వలేదు.

ఇప్పుడు దాన్ని పావుగంట ముందు లేపుతున్నాం. పక్కన కూర్చుని చూస్తూ ఉంటాను. చేతులు ఊరుకోవు, వెనక్కి కట్టుకుంటాను. మొన్న ఐదు గుండీలూ పెట్టుకుంది. ఒకటి తప్పు కాజాలో పడింది. నేను చెప్పలేదు. అద్దంలో చూసుకుని తనే సరిచేసుకుంది.

మిత్రులారా, మనకు ఈనాడు కావలసినంత తీరిక ఉంది. ఇంట్లో పసివారికి దానిలో ఆ పావుగంట ఇవ్వగలిగితే చాలునని నా మనవి.