జీరోడెర్మా పిగ్మెంటోసమ్

జీరోడెర్మా పిగ్మెంటోసమ్ వంశపారంపర్యంగా సంక్రమించే అరుదైన జన్యు వ్యాధి. ఈ వ్యాధి గలవారి కణాలు, ఎండలోని అతినీలలోహిత కిరణాల వలన డి.ఎన్.ఏ.కు కలిగే నష్టాన్ని సరిగా బాగుచేసుకోలేవు. అందువలన వీరికి బాల్యంలోనే చర్మ క్యాన్సర్ రావచ్చును. ఇది అంటువ్యాధి కాదు.

చరిత్ర

వియన్నా నగర వైద్యుడు మోరిజ్ కపోసి 1870వ దశకంలో ఈ వ్యాధిని వర్ణించాడు. దీనికి మూలం డి.ఎన్.ఏ. మరమ్మతులోని లోపమని 1968లో జేమ్స్ క్లీవర్ తెలియజేశాడు.

కారణం

ఈ వ్యాధితో 8 జన్యువులకు సంబంధం ఉన్నది. ఇది అంతర్గత లక్షణం. లోపమున్న జన్యువు తల్లి నుండి, తండ్రి నుండి కూడా అందినప్పుడే వ్యాధి వస్తుంది. అట్టి తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు. వారికి కలిగే ప్రతి బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. కనుక తల్లిని మాత్రమే నిందించడం అశాస్త్రీయం. తెలుగునాట ఉన్న మేనరికపు వివాహాలు ఈ లోపాన్ని సృష్టించవు. కాని ఒకే పూర్వీకుని లోపం దంపతులిద్దరిలోనూ ఉండే అవకాశాన్ని పెంచుతాయి.

లక్షణాలు

- రెండేళ్ళ లోపే ముఖం, చేతులపై నువ్వుగింజల వంటి మచ్చలు
- కొద్దిపాటి ఎండకే చర్మం కమిలిపోవడం (కొందరిలో ఇది కనిపించదు)
- చర్మం పొడిబారడం, వెలుగును కళ్ళు ఓర్చుకోలేకపోవడం
- సుమారు నాలుగోవంతు మందిలో వినికిడి లోపం వంటి నాడీ సమస్యలు

చర్మ క్యాన్సర్

అమెరికాలో రోగులను 1971 నుండి 2009 వరకు పరిశీలించగా, 20 ఏళ్ళ లోపు వారిలో మెలనోమా ముప్పు సాధారణం కంటె 2,000 రెట్లు, ఇతర చర్మ క్యాన్సర్ల ముప్పు 10,000 రెట్లు అధికమని తేలింది. సాధారణంగా చామనఛాయ గలవారికి చర్మ క్యాన్సర్ తక్కువ. కాని ఈ వ్యాధిలో ఆ రంగు తగినంత రక్షణ ఇవ్వదు. కనుక ఇట్టి పిల్లల ముఖంపై మానని పుండును ఉపేక్షించరాదు.

నివారణ, చికిత్స

మూలలోపాన్ని సరిచేసే చికిత్స లేదు. ఎండ సోకకుండా కాపాడటమే ప్రధానం. అతినీలలోహిత కిరణాలు మబ్బుల గుండా, కొంతవరకు కిటికీ అద్దాల గుండా కూడా వస్తాయి. గొడుగు ఒక్కటే చాలదు. నిండు దుస్తులు, కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ లేపనం అవసరం. బడిలో కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. ఆరుబయట ప్రార్థన, ఆటల నుండి మినహాయించాలి. ఎండ తగలనందున విటమిన్ డి మాత్రలు అవసరం కావచ్చును. క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తిస్తే శస్త్రచికిత్సతో తొలగించవచ్చును.

వైద్య సదుపాయాలు

వరంగల్‌లో, 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి మహాత్మాగాంధీ స్మారక (ఎం.జి.ఎం.) ఆసుపత్రి. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల, వ్యాధి నిర్ధారణ కేంద్రం (సి.డి.ఎఫ్.డి.) జన్యు పరీక్షలకు, ఎం.ఎన్.జె. ఆసుపత్రి క్యాన్సర్ చికిత్సకు పేరొందినవి. కుటుంబంలోని జన్యులోపం గుర్తించబడితే, తరువాతి గర్భంలోనే శిశువును పరీక్షించే వీలున్నది.