ఇరవై ఎనిమిదేళ్ళు మాట్లాడుకున్నవాళ్ళు

ఈసారి చెప్పేది మన సంఘాల చరిత్ర. కానీ నా తప్పుతో మొదలుపెట్టాలి.

మా క్యాంపు ప్రార్థన గ్రూపులో ఒక రాత్రి వాదన లేచింది. పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా, చెల్లదా? నాది ఒంగోలు వైపు, బాప్టిస్టు కుటుంబం. పెద్దయ్యాక, నమ్మి, నీళ్ళలో మునిగి తీసుకున్నదే బాప్తిస్మం అని విని పెరిగినవాణ్ణి. మెదక్ తమ్ముడొకడు తనకు చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఇచ్చారని రాశాడు. నేను వాట్సాప్‌లో "అయితే నీది బాప్తిస్మమే కాదు తమ్ముడూ" అని కొట్టి, ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను. ఆ శుక్రవారం వాడు ఆరాధనకు బస్సెక్కలేదు.

అసలు ఈ తేడా మన మధ్యకి ఎలా వచ్చింది? మిషనరీ సొసైటీలు ఒకరి ప్రాంతంలోకి ఒకరు పోకుండా తెలుగు నేలను పంచుకుని పనిచేశాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకి. గుంటూరు లూథరన్లకి. కాకినాడ కెనడా బాప్టిస్టులకి. మెదక్ వెస్లియన్ మెథడిస్టులకి. డోర్నకల్ ఆంగ్లికన్లకి. మన తాతలు ఏ సంఘంలో చేరారన్నది చాలావరకు వాళ్ళ ఊరు ఎవరి హద్దులో పడిందన్న దాన్నిబట్టే తేలింది. నేను మెదక్‌లో పుట్టి ఉంటే ఆ రాత్రి తమ్ముడి పక్షానే వాదించేవాణ్ణి. ఊళ్ళో ఆ హద్దులు మనల్ని దూరం దూరంగా ఉంచాయి. ఇక్కడ ఒకే గదిలో నాలుగు మంచాల మీద నాలుగు సంఘాలవాళ్ళం పడుకుంటున్నాం.

ఈ చీలిక మనది కాదు, యూరప్ వాళ్ళ పాత తగాదాల్లోంచి వచ్చిందని గట్టిగా చెప్పినవారిలో ఒకరు వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల సేవకులు కూడి, ఒకే సంఘంగా కలుద్దామని పిలుపునిచ్చారు. వారిలో ఎక్కువమంది భారతీయులే. అజరయ్య వారిలో ముఖ్యులు.

పిలుపు ఇవ్వడం తేలికే. కలవడానికి 28 ఏళ్ళు పట్టింది. పెద్ద పేచీ బిషప్‌ల దగ్గర వచ్చింది. బిషప్ చేతులుంచి అభిషేకించకపోతే ఎలా అని ఆంగ్లికన్లు అడిగారు. మరి ఇన్నాళ్ళూ మేం చేసిన సేవ సేవ కాదా అని మిగతావాళ్ళు అడిగారు. నేను తమ్ముడికి రాసిన మాట లాంటిదే ఇది కూడా!

ఎలా తేల్చుకున్నారో చూడండి. బిషప్ పదవి ఉంటుంది. కానీ దాని గురించి ఫలానా సిద్ధాంతమే నమ్మాలని ఎవరినీ అడగకూడదు. అప్పటికే సేవలో ఉన్నవాళ్ళను మళ్ళీ అభిషేకించకుండానే తీసుకోవాలి. ఇకమీదట వచ్చేవాళ్ళను బిషప్‌లు అభిషేకిస్తారు. రెండు రకాల సేవకులూ కలిసి నడవడానికి 30 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతిని, సేవకుణ్ణి రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. స్లాబు పోసినరోజే షటరింగ్ ఊడదీస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వాళ్ళు ఊడదీయలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సి.ఎస్.ఐ., పుట్టింది. అజరయ్య అది చూడలేదు. 1945 జనవరి 1నే కన్నుమూశారు.

అందరూ కలిశారని మాత్రం అనుకోవద్దు. మా బాప్టిస్టులు చేరలేదు, లూథరన్లు చేరలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు ఒప్పుకోక ఏళ్ళ తరబడి బయటే ఉన్నారు. ఈరోజు నంద్యాల సి.ఎస్.ఐ.లో ఒక డయాసిస్. రానివాళ్ళకు తలుపు మూయకపోతే ఎప్పటికో రావచ్చు. రాకపోయినా పొరుగువాళ్ళుగానే ఉంటారు.

ఇదంతా చదివాక కూడా బాప్తిస్మం గురించి నా నమ్మకం మారలేదు. మార్చుకోమని ఆ చరిత్ర నన్ను అడగనూ లేదు. నా నమ్మకం నేను చెప్పవచ్చు. ఎదుటివాడి విశ్వాసం చెల్లదని తీర్పు ఇవ్వడం నా పని కాదు.

తమ్ముడి గదికి వెళ్ళి తప్పయిందన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు అన్నందుకు కాదన్నా, అంతమంది ముందు అన్నారు" అన్నాడు. అందుకే గదిలో చెప్పిన క్షమాపణ గ్రూపులో కూడా రాశాను. నలుగురి ముందు అన్న మాటకు నలుగురి ముందే క్షమాపణ చెప్పాలి కదా.

వచ్చే శుక్రవారం వాడికోసం బస్సులో నా పక్క సీటు ఆపుతాను. వస్తాడో రాడో చూడాలి.