నాలుగేళ్ల పిల్లాడి షేర్వానీ

నాలుగేళ్లు, నాలుగు నెలలు, నాలుగు రోజులు. పిల్లల బిస్మిల్లాకి మన బుజుర్గులు చెప్పే లెక్క ఇది. ఫర్జ్ కాదు, సున్నత్ కాదు, ఒక రస్మ్. పిల్లల చేత బిస్మిల్లా పలికించి, ఇఖ్రా ఆయత్ చదివించి, మిఠాయి పంచుతారు. చదువుకి తలుపు తెరవడమే దీని అసలు మతలబ్. ఇప్పుడు మాత్రం దావత్ తారీఖు ఖరారు కాగానే బట్టల వేట మొదలవుతుంది. గోదావరిఖని లక్ష్మీనగర్ బజార్‌లో పిల్లాడికి షేర్వానీ, పాపకి చిన్న ఖడా దుపట్టా కోసం దుకాణం తర్వాత దుకాణం ఎక్కి దిగుతాం.

ఈ రస్మ్ పాతది. 1547లో కాబూల్‌లో హుమాయూన్ తన కొడుకు అక్బర్ చదువు మొదలుపెట్టడానికి జ్యోతిష్కులను పిలిపించి మంచి ఘడియ పెట్టించాడు. తీరా ఆ ఘడియ వచ్చేసరికి షహజాదా లేడు. ఆటకి తగ్గట్టు తయారై ఎటో మాయమైపోయాడని అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో రాశాడు. బాదుషా కొడుకైనా సరే, ఆ వయసు పిల్లాడికి నచ్చే లిబాస్ ఆటలకి పనికొచ్చేదే!

ఇక షేర్వానీ సంగతి. ఇది మనం అనుకునేంత పాతది కాదు. 19వ శతాబ్దంలో మన అంగర్ఖాకీ, ఇంగ్లిషువాళ్ల కోటుకీ కుదిరిన జోడీ ఇది. హైదరాబాద్ రియాసత్‌లో ఇది ఒక మజ్‌హబ్ వాళ్ల బట్ట కాదు. కచేరీలకి వెళ్లే హిందువులూ ముస్లింలూ ఇదే తొడిగేవారు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో తొలి తరం విద్యార్థులకీ ఇదే పద్ధతి.

మన బొగ్గుకీ ఈ లిబాస్‌కీ దూరపు చుట్టరికం ఉంది. 1886లో ఇక్కడి బొగ్గు తవ్వే హక్కు హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వచ్చినప్పుడు తఖ్త్ మీద ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన బట్టల కోసం పురానీ హవేలీలో ఒక పొడవాటి హాలే ఉంది, దాని నిండా అల్మారాలు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడేనాటికి ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ నిజాం. 1937లో టైమ్ పత్రిక ఈయన్ని ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ ముఖచిత్రం వేసింది. అంత దౌలత్ ఉన్న ఆయన పాత షేర్వానీలు తొడుక్కునే మనిషిగా మషూర్. తండ్రికి అల్మారాల వరస, కొడుక్కి పాత షేర్వానీ. ఇజ్జత్ మాత్రం ఇద్దరికీ తక్కువ కాలేదు.

1948 తర్వాత షేర్వానీ మెల్లగా దఫ్తర్ల నుంచి తప్పుకుంది. షర్టూ ప్యాంటూ వచ్చాయి. చివరికి అది నికాహ్‌కీ, బిస్మిల్లాకీ మిగిలింది. రోజూ తొడిగే బట్టకి నడుమ వంగాలి, చేయి ఆడాలి. ఏడాదికోసారి ఫొటో కోసం తొడిగేదానికి మెరుపుంటే చాలు. అందుకే ఇవాళ దుకాణాల్లో దొరికే పిల్లల షేర్వానీలు పైన జిగేల్, లోపల జరీ పోగుల గరుకు.

పాత నేతగాళ్ల ఆలోచన దీనికి పూర్తిగా ఉల్టా. మగవాళ్లకి పట్టు మనా కాబట్టి మష్రూ అనే బట్ట నేశారు. మష్రూ అంటేనే షరియత్ ఒప్పుకున్నది అని. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు. ఔరంగాబాద్ హిమ్రూ కూడా పట్టూ నూలూ కలిపి నేసిందే. ఆ షహర్ 1956 దాకా మన రియాసత్‌తో కలిసి ఉన్నదే. చూసేవాళ్లకి ఒకటి, తొడిగేవాడికి ఒకటి అని ఆ నేతగాళ్లు ఇద్దరినీ లెక్కలోకి తీసుకున్నారు.

ఈ మాట ఎందుకంటే, మొన్నామధ్య మా ఖాందాన్‌లో ఇద్దరు పిల్లలకి ఒకే రోజు బిస్మిల్లా పెట్టుకున్నారు. ఇద్దరి తండ్రులూ సొంత అన్నదమ్ములు. ఒకరు బాయిలో పర్మినెంట్, ఇంకొకరు కాంట్రాక్ట్ కార్మికుడు. పని చేసేది ఒకే బొగ్గు దగ్గర, జీతాల మధ్య మాత్రం చాలా ఫరఖ్. పెద్దాయన కొడుక్కి హైదరాబాద్ నుంచి షేర్వానీ తెచ్చాడు. నలుగురిలో తన కొడుకు చిన్నబోకూడదని చిన్నాయన కర్జా కోసం తిరగడం మొదలుపెట్టాడు. ఇంతలో ఆ హైదరాబాద్ షేర్వానీ తొడిగి చూసుకున్న పిల్లాడు, "దాదీమా, గుచ్చుతోంది, నాకొద్దు" అని గుండీలు పీకేశాడు. ఎంత బుజ్జగించినా మళ్లీ తొడగనివ్వలేదు.

దాదీ ఇంకేం మాట్లాడలేదు. ఒకే థాన్‌లోంచి మెత్తటి నూలు బట్ట కోయించి, గల్లీలోని దర్జీ దగ్గర ఇద్దరికీ ఒకేలాంటి కుర్తా పైజామాలు కుట్టించింది. చిన్నాయన కర్జా మాట మళ్లీ ఎత్తలేదు. బిస్మిల్లా రోజు ఇద్దరు పిల్లలూ పక్కపక్కనే మఠం వేసుకుని కూర్చున్నారు. ఎవరి అబ్బా పర్మినెంటో, ఎవరి అబ్బా కాంట్రాక్టో బట్టలు చూసి చెప్పే వీలు లేకుండా పోయింది.

మీ ఇంట్లో బిస్మిల్లా ఉంటే దుకాణంలో ధర చీటీ చూసే ముందు ఆ అంగీని తిరగేసి లోపల చేత్తో తడిమి చూడండి. గరుకుగా ఉంటే దర్జీతో నూలు అస్తర్ వేయించండి. తొడిగి, పిల్లాణ్ణి అక్కడే ఒకసారి కింద కూర్చోమనండి. హాయిగా కూర్చుని, వేలితో అలిఫ్ గీయగలిగితే ఆ బట్ట తీసుకోండి. లేదంటే పక్క దుకాణానికి పదండి.