బుల్లెట్ వెనక చక్రం కథ



ఎద్దుబండికి కమాన్లు ఉండవు. జట్కాబండికి ఉంటాయి. రెండింటి మీదా ప్రయాణం చేసిన పెద్దవాళ్ళకు ఆ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు, వాళ్ళ నడుమే చెబుతుంది. చక్రానికీ మనిషికీ మధ్య కమాను ఉంటే గతుకు దెబ్బను అది పుచ్చుకుంటుంది, లేకపోతే మన వెన్నెముక పుచ్చుకుంటుంది. ఇంత చిన్న సంగతే అయినా, మోటారు సైకిలు వెనక చక్రానికి ఆ కమాను సుఖం కుదరడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. ఆ కథ మన మద్రాసు దాకా ఎలా వచ్చిందో, ఇంట్లో పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకు అది ఏం నేర్పుతుందో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

తొలినాటి మోటారు సైకిళ్ళలో ముందు చక్రానికి స్ప్రింగు త్వరగానే వచ్చింది. వెనక చక్రాన్ని మాత్రం ఫ్రేముకే గట్టిగా బిగించేవారు. నడిపేవాడికి సీటు కింద రెండు చుట్ల స్ప్రింగులు, అంతే. వెనక కూర్చునేవారికి అవి కూడా తక్కువే, పైగా వారు సరిగ్గా ఇరుసు మీదనే కూర్చుంటారు. కాబట్టి గతుకు దెబ్బంతా వారిదే. మన దేశంలో ఆ చోట కూర్చునేది ఎవరు? చంటిబిడ్డను ఒడిలో పెట్టుకున్న ఇల్లాలో, బడికి వెళ్ళే పిల్లవాడో, ఆసుపత్రికి బయలుదేరిన ముసలి తండ్రో. అందుకే ఇది కేవలం యంత్రాల ముచ్చట కాదు.

మరి అంతకాలం ఎందుకు పట్టింది? వెనక భాగం కదిలితే బండి మలుపుల్లో తోక ఊపుతుందని చాలామంది నమ్మారు. ఆ భయం ఉత్తిది కాదు. కీలు బలంగా లేకపోతే నిజంగానే ఊపుతుంది. గొలుసు చిక్కు ఇంకొకటి. చక్రం పైకీ కిందికీ కదిలితే గొలుసు ఒకసారి బిగిసి, ఒకసారి వదులవుతుంది.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. అమెరికాలో ఇండియన్ అనే కంపెనీ 1913లోనే వెనక చక్రానికి బండి కమాన్ల వంటి పట్టీలు పెట్టింది. ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ 1928లో తన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వారు 1938లో ప్లంజర్ పద్ధతి తెచ్చారు. ఇందులో ఇరుసు రెండు కొసలూ రెండు నిలువు గొట్టాల్లో స్ప్రింగుల మధ్య కదులుతాయి. ఆ కదలిక తక్కువ. ఒక పక్క ఎక్కువ అరిగిందంటే చక్రం పక్కకు ఒరిగేది. ట్రయంఫ్ వారు 1940ల చివర ఇంకో దారి తొక్కి, స్ప్రింగులను చక్రం నడిమి బొడ్డులోనే ఇమిడ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కాని లోపలి స్ప్రింగులు గట్టి ఒత్తిడిలో ఉండేవి కనుక, తగిన పనిముట్టు లేకుండా విప్పడం ప్రమాదం. ఇంట్లో విప్పలేని యంత్రం ఎంత తెలివైనదైనా సామాన్యుడికి పరాయిదే.

చివరికి నిలిచింది ఊగే చెయ్యి పద్ధతి. స్వింగింగ్ ఆర్మ్ అంటే తలుపు కీలు మీద తిరిగినట్టు, వెనక చక్రాన్ని పట్టుకున్న ఇనుప చెయ్యి ఒక కీలు మీద పైకీ కిందికీ ఊగడం. దానికి రెండు పక్కలా స్ప్రింగూ, నూనె నింపిన గొట్టమూ ఉంటాయి. బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెకాండ్లెస్ ఈ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు. అతడు రూపొందించిన ఫ్రేముతో నార్టన్ పందెపు బండ్లు 1950లో పేరు మోశాయి. అంతకు ముందే రెడ్డిచ్ పట్టణంలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 350 సి.సి. బుల్లెట్‌కు ఊగే చెయ్యి అమర్చి, 1948లో ఇటలీలోని శాన్‌రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పరీక్షకు పంపారు. నడిపిన ఇద్దరూ బంగారు పతకాలు తెచ్చుకున్నారు. వెనక భాగం కదిలితే బండి నిలవదన్న వాదానికి కొండదారులే జవాబు చెప్పాయి. 1949లో ఆ బండి అమ్మకానికి వచ్చింది.

ఇక మన వైపు వద్దాం. స్వాతంత్ర్యం తరువాత సరిహద్దు గస్తీకి మన సైన్యం ఈ బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వారూ, రెడ్డిచ్ కంపెనీవారూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించారు. 1956లో తిరువొత్తియూరు ఫ్యాక్టరీ మొదలైంది. ఇంగ్లండునుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించేవారు. ఆ ఏడాది తయారైనవి 163 బండ్లు. తిరువొత్తియూరు అనగానే మన తెలుగువాళ్ళకు ఇంకొకటి గుర్తుకు రావాలి. త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరీదేవి మీద అయిదు కీర్తనలు తెలుగులో చేశారు. ఆ ఊరి పేరు సంగీతజ్ఞుల నోటా, మెకానిక్కుల నోటా కూడా వినిపిస్తుందంటే విశేషమే కదా.

మైసూరు శ్రోతలు తమ బండిని మరిచిపోయాననుకుంటారేమో. యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. జావా, తరువాత 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చిన బండ్లకూ ఊగే చెయ్యే. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అటు ఇంగ్లండులోని రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లోనూ, మిగిలిన తయారీ 1970లోనూ ఆగిపోయాయి. పుట్టింట్లో ఆగిన బుల్లెట్ మద్రాసులో మాత్రం ఆగలేదు. 1977 నుంచి ఇక్కడి బండ్లు ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి.

ఎందుకు నిలిచింది? ధర, బలం, సైన్యం కొనుగోళ్ళు వంటి కారణాలు చాలా చెబుతారు. నాకు తోచిన కారణం ఇంకొకటి ఉంది. దాన్ని వీధి చివరి మెకానిక్కు విప్పగలడు. ఓపిక ఉంటే ఇంటి యజమాని కూడా విప్పగలడు. వెనక భాగాన్నే తీసుకోండి. రెడ్డిచ్ నమూనాలో ఊగే చేతి కీలు అంటే ఒక లావుపాటి ఉక్కు గొట్టం, దాని మీద తిరిగే కంచు బుష్‌లు, పక్క ఒత్తిడికి రెండు వాషర్లు, వీటన్నిటినీ పట్టి ఉంచే ఒక పొడుగాటి బోల్టు. ఇంతే సరంజామా.

కంచు ఉక్కుకన్నా మెత్తన. అరిగితే ముందు బుష్ అరగాలనీ, గొట్టం మిగలాలనీ అలా చేశారు. ఆ బుష్ అరిగిందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. బండిని సెంటర్ స్టాండు మీద నిలపండి. చక్రాన్ని కాదు, ఇరుసు దగ్గర ఊగే చేతి కొసనే పట్టుకుని పక్కలకు ఊపండి. చక్రాన్ని పట్టుకుంటే చక్రం బేరింగు వదులు కూడా ఇందులో కలిసిపోయి మోసం చేస్తుంది. చెయ్యే కదిలిందంటే కీలు పని చూడాలి. కొత్త బుష్ ఎక్కించాక అది లోపలికి కొంచెం బిగుసుకుంటుంది కాబట్టి లేతు షాపులో రీమరుతో కొలతకు తీయించాలి. దానిని సుత్తితో సరిచేయబోతే బుష్ పాడవుతుంది.

తరువాత షాక్ అబ్సార్బర్లు. స్ప్రింగు దెబ్బను మింగుతుంది, కాని మళ్ళీ కక్కుతుంది. ఆ కక్కేదాన్ని అదుపు చేసేది నూనె. సన్నని రంధ్రాలగుండా నూనె దూరేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. సీటు గట్టిగా నొక్కి వదలండి. బండి ఒక్కసారి లేచి నిలిస్తే మంచిది. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే నూనె పని అయిపోయినట్టే. కడ్డీ మీద తడి కనిపించగానే కారిందనుకోకండి, గొలుసు నూనె కూడా అక్కడ చిందుతుంది. శుభ్రంగా తుడిచి, కొంతదూరం నడిపి మళ్ళీ చూడండి. మార్చవలసి వస్తే రెండూ కలిపి మార్చాలి. ఒకటే మారిస్తే రెండు పక్కలా బలం సమానంగా ఉండదు.

మన ఊళ్ళలో ఒక నాటువైద్యం ఉంది. బండి ఎగిరిపడుతోందంటే ఇంకా గట్టి స్ప్రింగు వేయించడం, లేదా చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చడం. నూనె చచ్చిన గొట్టానికి గట్టి స్ప్రింగు తోడైతే బండి ఇంకా ఎక్కువ ఎగిరిపడుతుంది. రోగం ఒకచోట, మందు ఒకచోట అన్నమాట.

గొలుసు సంగతి ముందే చెప్పాను. బండి ఖాళీగా ఉన్నప్పుడు గొలుసు బిగించి సరిపోయిందనుకోకండి. సీటు మీద మనిషిని కూర్చోబెట్టి, చక్రం తిప్పుతూ, ఎక్కడ ఎక్కువ బిగిసి ఉందో అక్కడ వదులు చూడాలి. 1913 నాటి చిక్కు ఇంకా మన ఇంటి వాకిట్లోనే ఉందన్నమాట.

రెండు హెచ్చరికలు. బిగువులో ఉన్న స్ప్రింగును తగిన బిగింపు పనిముట్టు లేకుండా విప్పవద్దు, ఎగిరి ముఖానికి తగులుతుంది. ఇప్పటి బండ్లలో చాలావాటికి గ్యాసు నింపిన షాక్‌లు వస్తున్నాయి. వాటిలో గ్యాసు గట్టి ఒత్తిడిలో ఉంటుంది, వాటిని ఇంట్లో కోయడం గాని, కాల్చడం గాని చేయరాదు.

అసలు ఆలోచించవలసింది ఇక్కడే. మూసి ఉంచిన కొత్త షాక్ సుఖంగానే ఉంటుంది, దాన్ని తప్పుపట్టను. కాని చెడితే పారేసి కొత్తది కొనడం తప్ప వేరే దారి తక్కువ. దానితోపాటు బుష్ కొలత తీసే లేతు పనివాడి నేర్పు, చేత్తో ఊపి వదులు చెప్పగల మెకానిక్కు వేళ్ళ తెలివి కూడా మెల్లగా పోతాయి. ఆ తెలివి పుస్తకాల్లో లేదు. మా బడిలో భౌతికశాస్త్రం చెప్పేటప్పుడు స్ప్రింగు బొమ్మ నల్లబల్ల మీద గీస్తాం. అదే పాఠం సీటు ఒకసారి నొక్కించి చెబితే పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

మీ ఇంట్లో నాన్నగారి కాలపు బుల్లెట్టో, జావానో మూలన ఉంటే ఈ ఆదివారం దాన్ని స్టాండు మీద నిలిపి, పిల్లలను పిలిచి, ఆ చెయ్యి ఒకసారి పక్కలకు ఊపి చూడమనండి. వదులుంటే పనివాడిని పిలవండి. లేకపోతే కీలుకు గ్రీజు పెట్టి, వెనక సీటు మీద అమ్మను కూర్చోబెట్టుకుని అలా గుడిదాకా వెళ్ళి రండి.