సీసపు అక్షరములు - వినెడి యంత్రము

నేను హైదరాబాదు పాతబస్తీలో ఉప్పుగూడ రైల్వే స్టేషనుకు చేరువ నివసించుచున్నాను. 1973లో నా పదునెనిమిదవ యేట ఒక ముద్రణాలయమున కంపోజిటరుగా చేరితిని. తెలుగు అక్షరములు కూర్చుట మీరనుకొనునంత సులభము గాదు. గుడులు, కొమ్ములు, వత్తులు కలిసి వందలకొలది సీసపు ముక్కలు వేఱువేఱు గళ్ళలో నుండును. కన్ను వ్రాతప్రతి మీదనే యుండవలెను. ఏ గడిలో నేది కలదో చేతికే తెలియవలెను. ఇరువదియేండ్ల పిమ్మట కంప్యూటరు వచ్చెను. సీసమును తూకమునకు అమ్మివేసిరి. తోడివారు కొందఱు కూరగాయల బండ్లు పెట్టుకొనిరి. నేను మీటలు నొక్కుట నేర్చితిని. నేర్పినవాడు నా మేనల్లుని యీడువాడు. అయినను వానిని 'అయ్యా' యనియే పిలిచితిని.

ఇప్పుడు డెబ్బదవ యేట మరల నదే స్థితి. మాట వినగనే వ్రాసిపెట్టు యంత్రము వచ్చినది. దీని చరిత్రలో తెలుగువా డొకడు ముందువరుసలో నున్నాడు. ఆయన దబ్బల రాజగోపాలరెడ్డి. లోకమునకు రాజ్ రెడ్డి. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించెను. 1958లో మదరాసు గిండీ కళాశాలలో పట్టా పొందినది సివిల్ ఇంజనీరింగులో; అనగా వంతెనలు, కట్టడముల విద్య. ఆస్ట్రేలియాకు పోయి 1960 మొదలు మూడేండ్లు ఐ.బి.యం. సంస్థలో పనిచేసెను. చేతనున్న యుద్యోగము విడిచి అమెరికాలో స్టాన్‌ఫర్డున మరల విద్యార్థి యయ్యెను. ఆయన గురువు జాన్ మెకార్తీ. 'కృత్రిమ మేధ' యను పేరు పెట్టినది ఆయనయే. 1966లో డాక్టరు పట్టము, 1969లో కార్నెగీ మెలన్‌లో ఆచార్యపదవి. అచట 1976 నాటికి ఆయన శిష్యబృందము నిర్మించిన హార్పీ యను యంత్రవిధానము 1,011 మాటలు గుర్తింపగలిగెను. పల్లెలో నైదేండ్ల పిల్లవానికి అంతకన్న నెక్కువ మాటలు తెలియును గదా!

కష్టమెచ్చటనన, మనము వ్రాయునప్పుడు మాటకు మాటకు నడుమ ఎడమిత్తుము గాని పలుకునప్పుడు ఈయము. తెలుగున సంధులు మఱియు చిక్కు. నేను 'ఉప్పుగూడ నుండి వచ్చితిని' యనగా యంత్రము 'ఉప్పు కూడ నుండి' యని వ్రాసినది. మొదట నవ్వితిని. తరువాత తోచినది: 'కూడ' గసడదవాదేశమున 'గూడ' యగును, పాపము, దాని పొరపాటు కొంత వ్యాకరణసమ్మతమే!

రాజ్ రెడ్డి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో గూడ ట్యూరింగు బహుమతి నందుకొనెను. 2008లో గ్రామీణ విద్యార్థులకై బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో వెలసిన విద్యాలయముల స్థాపనకు ఆయన తోడ్పాటు గొప్పది.

నాకు దొరకిన పని, యంత్రము వ్రాసినదానిని దిద్దుట. పుటకు కూలి మునుపటిలో సగము. ఇదియు నెన్నాళ్ళుండునో యని మా యింటిదానికి దిగులు, నాకును లేకపోలేదు. నిన్న ఆ వాక్యమును నిదానముగా మరల చెప్పితిని. ఈ మాఱు 'ఉప్పుగూడ' యనియే వ్రాసెను. ప్రక్కనున్న చాంద్రాయణగుట్టను మాత్రము రెండు ముక్కలు చేసెను.