జ్వరము లేని మలేరియా

మలేరియా అనగానే చలి, వణుకు, కంబళ్ళు జ్ఞాపకమునకు వచ్చును. కాని రక్తములో మలేరియా క్రిములు ఉండియు, జ్వరము లేక, తమ పొలము పని తాము చేసికొనువారు కలరు. వీరిని కుట్టిన దోమ ఆ క్రిమిని పొరుగువానికి చేర్చును.

క్రిమి సంగతి తెలియక పూర్వమే ఇట్టివారిని గుర్తించుట కొక ఉపాయము దొరకెను. 1840 దశకములో ఉత్తర హిందూదేశపు కాలువల ప్రాంతములను పరీక్షించిన డాక్టరు డెంప్‌స్టర్ గ్రామస్థుల పొట్టలు తడిమి చూచెను. ప్లీహము పెరుగుటను మనవారు ‘బల్ల’ అందురు. ఊరిలో బల్ల గలవారు ఎక్కువైనచో, ఆనాడు ఎవరికిని జ్వరము లేకున్నను, ఆ ఊర మలేరియా పాతుకొన్నట్లే.

1880లో లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తమున క్రిమిని చూచెను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు చెంత బేగంపేటలో రొనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో కనుగొనెను. ఆ దోమ కుట్టిన హుస్సేన్ ఖాన్ రోగియే. కుట్టించుకొన్నందుకు దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొనెను. రోగులు కానివారి సంగతి మూడేండ్లలోపల న్యూగినీలో కాక్ పండితునకు స్పష్టమయ్యెను. అచ్చటి పసిపిల్లల రక్తమున క్రిములు విస్తారము, పెద్దలలో అరుదు. పలుమార్లు సోకగా శరీరము క్రిమితో ఒక విధమైన రాజీకి వచ్చును. రాజీయే గాని విడుదల కాదు.

మన దేశమున 1953లో నియంత్రణ పథకము, 1958లో నిర్మూలన పథకము వెలసినవి. డి.డి.టి. చల్లిరి. పక్షమునకొకసారి కార్యకర్త ఇంటింటికి పోయి, “మీ ఇంట జ్వరమెవరికైన వచ్చినదా?” అని అడుగుచుండెను. 1965 నాటికి రోగులు లక్షకు దిగిరి. 1976లో 64 లక్షలు దాటిరి. దోమలు డి.డి.టి.కి లొంగకపోవుట, సరఫరా లోపములు ముఖ్యకారణములు. అయితే ఆ ప్రశ్నలోనే ఒక లొసుగు కలదు. జ్వరము లేనివాడు లేదనియే చెప్పును. అది అబద్ధమును కాదు.

1936 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండిన జయపురము సీమ నేడు ఒడిశాలోని కోరాపుట్, మల్కనగిరి ప్రాంతము. హద్దు గీసినను ఇరువైపుల మన్యమువారికి సంతలు, చుట్టరికములు తెగలేదు. 2017లో ఒడిశా ప్రభుత్వము ‘దమన్’ అను పథకమున మారుమూల గ్రామములలో, జ్వరమున్నను లేకున్నను, అందరి రక్తమును పరీక్షింపజొచ్చెను, దోమతెరలు పంచెను. 2016లో 4 లక్షల 44 వేలుగా నుండిన కేసులు 2018 నాటికి సుమారు 66 వేలకు తగ్గినవి.

ఇక మిగిలిన చిక్కు నచ్చజెప్పుట. వైవాక్స్ జాతి క్రిమి కాలేయమున దాగును గనుక ప్రిమాక్విన్ మాత్రలు 14 దినములు మ్రింగవలెను. జ్వరపడినవాడే నాలుగవనాడు మానివేయును. ఏ బాధయు లేనివాడు, “నాకెందుకయ్యా?” అని అడుగుటలో వింత లేదు. వానికి చెప్పవలసినది వాని జ్వరమును గూర్చి కాదు, వాని ప్రక్కన నిదురించు పసిబిడ్డను గూర్చి.